పంటి నొప్పి – ఇంటి బాధ్యత

పాఠ్యాంశ పరిచయం

అనారోగ్యం చెప్పి రాదు. అందులోనూ పంటి బాధ ఎక్కువగా రాత్రివేళనో, పండుగ పూటనో, పరీక్షకు ముందురోజునో వచ్చి ఇంటిల్లిపాదినీ కలవరపెడుతుంది. వైద్యుడు అందుబాటులో లేని ఆ కొద్ది గంటలలో కుటుంబ సభ్యులు ఏమి చేయాలి, ఏమి చేయకూడదు అనే విషయాలను ఈ పాఠం వివరిస్తుంది. నొప్పి తగ్గడం వేరు, వ్యాధి తగ్గడం వేరు అనే సత్యాన్ని విద్యార్థులకు తెలియజేయడం దీని ప్రధానోద్దేశం.

పాఠ్యభాగం

జ్వరం వస్తే ఇల్లంతా మేలుకొంటుంది. కాలు విరిగితే ఊరంతా పలకరిస్తుంది. పన్ను నొప్పి అంటే మాత్రం "లవంగం పెట్టుకొని పడుకో, తెల్లవారేసరికి అదే పోతుంది" అని చెప్పి ఎవరి పనిలో వారు పడతారు. కంటికి కనిపించే గాయం ఉండదు, ఒళ్లు కాలదు. అందుచేత పంటి బాధను బాధగా లెక్కించే అలవాటు మన కుటుంబాలలో తక్కువ. ఆ అశ్రద్ధకు చెల్లించవలసివచ్చే మూల్యం మాత్రం ఎక్కువ.

దొరవారిసత్రం చెన్నై–కలకత్తా జాతీయ రహదారి మీద, నాయుడుపేటకూ సూళ్లూరుపేటకూ నడుమ ఉన్న మండల కేంద్రం. బాటసారులు ఆగి సేదదీరే సత్రం ఆ ఊరి పేరులోనే ఉంది. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఈ మండలంలోనిదే. తూర్పు దిక్కున పులికాట్ సరస్సు ఉంది. తరతరాలుగా నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ మండలం 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలో చేరింది. ఊరి పక్కగా రహదారి, రైలుమార్గం రెండూ సాగిపోతున్నా, రాత్రి పది గంటలకు పన్ను నొస్తే దంతవైద్యుని చేరడం తేలిక కాదు. నాయుడుపేటకో, సూళ్లూరుపేటకో, నెల్లూరుకో వెళ్లాలంటే తెల్లవారవలసిందే. కోస్తాలోని వందలాది గ్రామాల పరిస్థితి కూడా ఇదే.

అటువంటి ఊరిలో ఒక సామాన్య కుటుంబాన్ని ఊహించవచ్చు. పదవ తరగతి చదివే బాలునికి మరునాడు పరీక్ష. రాత్రి భోజనమైన తరువాత కింది దవడలో సన్నగా మొదలైన నొప్పి గంట గడిచేసరికి చెవి దాకా పాకింది. అవ్వ లవంగం నూరి తెచ్చి, "ఇది పెట్టుకో అబ్బయా, పురుగు చస్తుంది" అంటుంది. తల్లి వేడి కాపడం పెడదామంటుంది. తండ్రి క్రిందటేడు జ్వరానికి తెచ్చి మిగిలిపోయిన మాత్రలను వెదుకుతాడు. ముగ్గురిదీ ప్రేమే. ఆ ప్రేమకు సరైన తెలివిడి తోడైనప్పుడే పిల్లవానికి మేలు జరుగుతుంది.

పన్ను ఎందుకు నొస్తుంది?

మనిషికి పాలపళ్లు ఇరవై, శాశ్వత దంతాలు ముప్పైరెండు. పంటి పైభాగాన్ని కప్పి ఉండే తెల్లని పొరను ఎనామిల్ అంటారు. మానవ శరీరంలో దానికంటె గట్టి పదార్థం మరొకటి లేదు. దాని క్రింద డెంటిన్ అనే పొర, ఆ లోపల నరాలూ రక్తనాళాలూ నిండిన మెత్తని దంతమజ్జ ఉంటాయి. ఎముక విరిగితే అతుక్కొంటుంది, చర్మం తెగితే మానుతుంది. ఎనామిల్‌లో ఒకసారి గుంట పడితే అది తిరిగి పూడదు. ఈ భేదాన్ని గుర్తించకపోవడమే పంటి విషయంలో జరిగే పొరపాట్లన్నింటికీ మూలం.

పుచ్చిన పంటిలో పురుగు ఉంటుందనే నమ్మకం ప్రాచీన బాబిలోనియా కాలం నుండి ప్రపంచమంతటా ఉన్నది. మన పల్లెలలో వాకుడు గింజలను నిప్పుల మీద వేసి, ఆ పొగను నోటికి పట్టించి, పురుగులు రాలాయని చూపే వైద్యం ఉండేది. 1728లో ఫ్రెంచి దంతవైద్యుడు పియేర్ ఫోషార్ తన గ్రంథంలో ఈ పురుగు సిద్ధాంతాన్ని త్రోసిపుచ్చాడు. అసలు కారణాన్ని 1890లో డబ్ల్యు. డి. మిల్లర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. నోటిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపి, పిండి పదార్థాలను ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం పంటిలోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. దీనినే దంతక్షయం అంటారు.

క్షయం ఎనామిల్‌కు పరిమితమైనంత వరకు నొప్పి ఉండదు. డెంటిన్‌ను చేరినప్పుడు చల్లని నీరు, తీపి తగిలితే జివ్వుమంటుంది. దంతమజ్జను చేరినప్పుడు అసలు బాధ ప్రారంభమవుతుంది. శరీరంలో మరెక్కడ వాపు వచ్చినా చుట్టూ ఉన్న కండ సాగి చోటిస్తుంది. దంతమజ్జకు నలువైపులా గట్టి గోడలే. వాపుకు చోటు లేక నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. పడుకొన్నప్పుడు తలకు రక్తప్రసరణ అధికమవుతుంది కనుక ఆ ఒత్తిడి ఇంకా హెచ్చుతుంది. పంటి నొప్పి రాత్రివేళ విజృంభించడానికి కారణం ఇదే.

నొప్పి తగ్గితే నయమైనట్లేనా?

రెండు మూడు రోజులు తీవ్రంగా బాధించిన పన్ను ఒక్కొక్కసారి ఉన్నట్లుండి శాంతిస్తుంది. ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకొని, దంతవైద్యుని వద్దకు ప్రయాణం మానుకొంటారు. నిజానికి అప్పుడు జరిగినది నయం కావడం కాకపోవచ్చు. లోపలి నరం చనిపోయి ఉండవచ్చు. చచ్చిన నరం నొప్పిని తెలుపలేదు. సూక్ష్మజీవులు మాత్రం వేరు కొస గుండా ఎముకలోనికి దిగి అక్కడ చీము పట్టిస్తాయి. కొన్నాళ్లకో, కొన్ని నెలలకో చెంప వాచినప్పుడు గాని ఆ సంగతి బయటపడదు.

ఈ చీము దవడ క్రింది భాగానికీ, నాలుక అడుగుకూ, మెడలోనికీ వ్యాపిస్తే ప్రాణానికే ముప్పు. నాలుక పైకి నెట్టుకొనివచ్చి ఊపిరి ఆడదు. ఈ స్థితిని 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించాడు. నేటికీ వైద్యులు దానిని ఆయన పేరుతోనే పిలుస్తారు. పెన్సిలిన్ వంటి మందులు రాకముందు ఈ వ్యాధి సోకినవారిలో సగానికి పైగా మరణించేవారు. మందులు వచ్చిన తరువాత మరణాలు బాగా తగ్గినా ప్రమాదం పూర్తిగా తొలగలేదు. కనుక ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగరాదు.

1. దవడ క్రింద గాని, మెడలో గాని, కంటి చుట్టూ గాని వాపు రావడం.
2. నోరు తెరవలేకపోవడం, ఉమ్మి మింగలేకపోవడం, మాట మారడం.
3. ఊపిరి తీసుకోవడంలో ఇబ్బంది.
4. పంటి నొప్పితో పాటు అధిక జ్వరం, వణుకు, మత్తు.

ఇటువంటప్పుడు పన్ను సంగతి అని తేలికగా తీసుకోక, రోగిని వెంటనే పెద్ద ఆసుపత్రికి చేర్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ రోడ్డు ప్రమాదాలకే కాక ఇటువంటి అత్యవసర పరిస్థితులకు కూడా ఉపయోగపడుతుంది.

రాత్రివేళ గృహోపచారం

పై లక్షణాలేవీ లేనప్పుడు తెల్లవారేవరకు బాధను అదుపులో ఉంచడానికి ఇంట్లోనే కొన్ని ఉపచారాలు చేయవచ్చు. ముందుగా గోరువెచ్చని నీటిలో కొద్దిగా ఉప్పు వేసి పుక్కిలించాలి. పళ్ల నడుమ ఆహారం ఇరికి ఉంటే సన్నని శుభ్రమైన దారంతో మెల్లగా తీయాలి. గుండుసూది, పిన్నీసు, అగ్గిపుల్లలతో గెలకరాదు. తల క్రింద ఎత్తుగా దిండ్లు పెట్టుకొని పడుకొంటే నొప్పి కొంత శాంతిస్తుంది.

చల్లని నీటిలో తడిపి పిండిన గుడ్డను చెంప మీద వెలుపలి నుండి ఉంచాలి. వాచిన చెంపకు వేడి కాపడం పెట్టరాదు. వేడికి రక్తప్రసరణ పెరిగి వాపు అధికం కావచ్చు.

అవ్వ చెప్పిన లవంగంలో కొంత నిజం లేకపోలేదు. లవంగ నూనెలోని యూజినాల్ అనే పదార్థం నరాన్ని కొద్దిసేపు మొద్దుబారుస్తుంది. దంతవైద్యులు కూడా దానిని జింక్ ఆక్సైడుతో కలిపి తాత్కాలికంగా పంటి గుంటను పూడ్చడానికి వాడతారు. అయితే లవంగం పురుగును చంపదు, ఎందుకంటే అక్కడ పురుగే లేదు. అది నొప్పిని కొంతసేపు మరపిస్తుంది, అంతే. నూనెను చిగుళ్ల మీద అధికంగా పోస్తే చర్మం కాలుతుంది. చిన్నపిల్లలకు లవంగ నూనె వాడకపోవడం మంచిది.

నొప్పి నివారణకు పారాసిటమాల్ వంటి మాత్రను వయసుకు, బరువుకు తగిన మోతాదులో నీటితో మింగించాలి. కొందరు మాత్రను నొప్పి ఉన్న చిగురు మీదనే అదిమి ఉంచుతారు. అది చిగురును పుండు చేస్తుంది గాని నొప్పిని తగ్గించదు. ముఖ్యంగా ఆస్పిరిన్ మాత్రతో ఈ ప్రమాదం ఎక్కువ. పిల్లలకు ఆస్పిరిన్ అసలే ఇవ్వరాదు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు మూడు వేసుకోవడం మరొక పొరపాటు. పంటిలోని కుళ్లిన భాగాన్ని తొలగించకుండా కేవలం మందుతో వ్యాధి నయం కాదు. పైగా అరకొరగా వాడిన మందుకు సూక్ష్మజీవులు అలవాటు పడి, నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకుండా పోతుంది. పొగాకు కాడ, నశ్యం, సారాయి వంటివి నొప్పి పంటి మీద పెట్టే అలవాటు కూడా మానవలసినదే.

ఊడిన పన్నును కాపాడవచ్చు

ఆటస్థలంలో బంతి తగిలినా, సైకిలు మీద నుండి పడినా ముందుపన్ను వేరుతో సహా ఊడి రావచ్చు. ఊడిన పన్నును పారవేయడమే అందరూ చేసే పని. కాని శాశ్వత దంతాన్ని సకాలంలో తిరిగి పంటి గూటిలో నిలిపితే అది మళ్లీ అతుక్కొనే అవకాశం ఉంది. పంటి వేరు మీద సజీవమైన పలుచని పొర ఉంటుంది. ఆ పొర ఎండిపోతే పన్ను నిలవదు. అందుచేత మొదటి అరగంట అత్యంత విలువైనది. గంట గడిచేకొద్దీ ఆశ సన్నగిల్లుతుంది.

ముందుగా పడిన వ్యక్తికి స్పృహ తప్పిందా, వాంతులు అవుతున్నాయా అని చూడాలి. ఆ లక్షణాలుంటే తలకు దెబ్బ తగిలిందని భావించి వెంటనే ఆసుపత్రికి తరలించాలి. అవి లేకపోతే పన్నును వెదికి, వేరును తాకకుండా, నమిలే కొసను పట్టుకొని తీయాలి. మట్టి అంటి ఉంటే పాలతో గాని, శుభ్రమైన నీటితో గాని కొన్ని క్షణాలు మాత్రమే కడగాలి. రుద్దరాదు, సబ్బు వాడరాదు, గుడ్డతో తుడవరాదు. వీలైతే పన్నును గూటిలో సరిగా నిలిపి, శుభ్రమైన గుడ్డను మెల్లగా కరచి పట్టుకోమని చెప్పాలి. అది సాధ్యం కాకపోతే పన్నును చల్లని పాలలో ఉంచి వైద్యుని వద్దకు తీసుకొని పోవాలి. మామూలు నీటిలో ఎక్కువసేపు ఉంచితే వేరు మీది కణాలు ఉబ్బి నశిస్తాయి. పాలలో అవి కొంతకాలం బ్రతుకుతాయి. పాలు దొరకని ఇల్లు పల్లెలలో అరుదు కనుక ఈ చిన్న సంగతి తెలిసినవారు ఒక పన్నును జీవితకాలం నిలుపగలరు.

పాలపన్ను ఊడితే మాత్రం దానిని తిరిగి పెట్టరాదు. క్రింద పెరుగుతున్న శాశ్వత దంతానికి హాని కలుగుతుంది. పన్ను విరిగితే ఆ ముక్కను కూడా పాలలో భద్రపరచి తీసుకొనిపోవాలి. దానిని తిరిగి అతికించే వీలుంటుంది. మట్టిలో పడి గాయమైనప్పుడు ధనుర్వాతం టీకా గురించి వైద్యుని అడగాలి.

పులికాట్ తీరంలో చేపలు, పీతలు నిత్యాహారం. పీత డెక్కను పళ్లతో కొరికి పగులగొట్టడం వల్ల పన్ను పగలవచ్చు. అటువంటప్పుడు ఆ వైపు నమలడం మాని వైద్యునికి చూపించాలి. చేపముల్లు చిగురులో గుచ్చుకొంటే పుక్కిలించి, కొస కనిపిస్తున్నప్పుడే శుభ్రమైన పట్టుకారుతో తీయాలి. కనిపించని ముల్లు కోసం చిగురును చీల్చే ప్రయత్నం చేయరాదు.

మచ్చలన్నీ పుచ్చు కావు

పిల్లల పళ్ల మీద సుద్దవలె తెల్లని చారలో, గోధుమరంగు మచ్చలో కనబడగానే పళ్లు తోముకోనందువల్లనే అని తల్లిదండ్రులు మందలిస్తారు. కొన్ని ప్రాంతాలలో ఈ దోషం పిల్లలది కాదు, నీటిది. ఈ విషయానికి నెల్లూరు జిల్లాతో చారిత్రక సంబంధం ఉంది. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరడం వల్ల కలిగే ఫ్లోరోసిస్ వ్యాధిని గురించి 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నాటి నెల్లూరు జిల్లాను పరిశీలించి వ్యాసం ప్రచురించారు. భారతదేశంలో ఈ వ్యాధిపై వెలువడిన తొలి నివేదికలలో అది ఒకటి. ఆనాడు నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలో చేరాయి.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇదే ఫ్లోరైడు తగు మోతాదులో ఎనామిల్‌ను దృఢపరచి దంతక్షయాన్ని అరికడుతుంది. మేలు చేసే పదార్థమే మితిమీరితే కీడు చేస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. వీధిలోని పిల్లలందరి పళ్ల మీద ఒకే విధమైన మచ్చలు కనిపిస్తే పిల్లలను తిట్టడం కంటె బావి నీటిని పరీక్ష చేయించడం వివేకం.

భయం వదిలి వైద్యుని వద్దకు

దంతవైద్యుని పేరు చెబితే పెద్దలు కూడా జంకుతారు. మత్తుమందు లేని కాలంలో ఆ భయానికి అర్థం ఉంది. 1844లో అమెరికాకు చెందిన హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడు పీల్చి తన పన్నునే తీయించుకొని నొప్పి లేదని గ్రహించాడు. 1846లో మరొక దంతవైద్యుడు విలియం మోర్టన్ ఈథరును వాడి శస్త్రచికిత్సల చరిత్రనే మార్చాడు. యావత్ వైద్యలోకానికి మత్తుమందును పరిచయం చేసినవారు దంతవైద్యులే కావడం విశేషం. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ రూపొందించిన లిగ్నోకెయిన్ అనే మందును సూదితో ఇస్తే ఆ ఒక్క పన్ను పరిసరాలు మాత్రమే మొద్దుబారుతాయి. రోగి మెలకువగానే ఉండి, బాధ లేకుండా చికిత్స పొందుతాడు.

పై పన్ను తీయిస్తే కంటిచూపు పోతుందనే మాట మన ఊళ్లలో తరచు వినిపిస్తుంది. పంటి నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు తగ్గదు. ఈ అపోహతో చీము పట్టిన పంటిని ఏళ్ల తరబడి నోటిలో ఉంచుకోవడమే నిజమైన ప్రమాదం.

పుచ్చిన ప్రతి పన్నునూ తీయవలసిన అవసరం కూడా లేదు. గుంట చిన్నదైతే పూడ్చవచ్చు. దంతమజ్జ చెడితే దానిని శుభ్రపరచి, వేరు కాలువను నింపి పన్నును నిలిపే రూట్ కెనాల్ చికిత్స ఉంది. ఇక ఖర్చు మాట. గుంట చిన్నదిగా ఉన్నప్పుడు ఒక్క పూటతో, కొద్ది మొత్తంతో ముగిసే పని, వాయిదా వేసిన కొద్దీ పలు ప్రయాణాలుగా, పలు రోజుల కూలి నష్టంగా మారుతుంది. పేదవాడు ఖర్చుకు భయపడి ఆలస్యం చేస్తాడు, ఆ ఆలస్యమే ఖర్చును పెంచుతుంది. ఈ వలయాన్ని ఛేదించడానికి తొందరగా చూపించుకోవడం ఒక్కటే మార్గం.

దొరవారిసత్రం వంటి ఊరిలోనివారు తెల్లవారగానే ముందుగా దగ్గరలోని ప్రభుత్వ వైద్యుని సంప్రదించి, దంతవైద్యుడు ఎక్కడ ఉన్నారో తెలుసుకోవాలి. నెల్లూరు, తిరుపతి నగరాలలోని దంతవైద్య కళాశాలలలో, చెన్నైలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో అధ్యాపకుల పర్యవేక్షణలో చికిత్స జరుగుతుంది. సంతలలో, రోడ్డు ప్రక్కన పళ్లు కట్టే అర్హత లేనివారిని ఆశ్రయించరాదు. శుభ్రపరచని పనిముట్ల వల్ల కామెర్ల వంటి వ్యాధులు సోకుతాయి. దంతవైద్యం చేసేవారు నమోదు పొంది ఉండాలని 1948 నాటి దంతవైద్యుల చట్టం నిర్దేశించింది. కలకత్తాలో 1920లో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ దేశంలోనే తొలి దంతవైద్య కళాశాలను స్థాపించారు. ఆయన వంటివారి కృషి ఫలితంగానే ఈ వృత్తికి శాస్త్రీయమైన గౌరవం లభించింది.

వైద్యుని వద్ద ఏదీ దాచరాదు. మధుమేహం, గుండెజబ్బు, గర్భం, రక్తం పలుచబడడానికి వాడే మందులు, ఏ మందైనా పడకపోవడం వంటి విషయాలను ముందే చెప్పాలి.

చీటికి మాటికి రాకుండా

మన పూర్వికులు దంతధావనాన్ని నిత్యవిధిగా పాటించారు. చరక, సుశ్రుత సంహితలు పందుంపుల్ల వాడకాన్ని వివరించాయి. వేప, కానుగ పుల్లలతో తోముకొనేవారు నేటికీ ఉన్నారు. మెత్తగా నమిలిన పుల్లతో చిగురు గాయపడకుండా తోమితే మంచిదే. కాని బొగ్గు, ఇటుకపొడి, ఇసుక వాడితే ఎనామిల్ అరిగిపోతుంది. ఉదయం ఒకసారి, రాత్రి పడుకొనేముందు ఒకసారి ఫ్లోరైడు ఉన్న పేస్టుతో తోముకోవడం ఉత్తమం. ఈ రెండింటిలో రాత్రి తోముకోవడం మరీ ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కనుక పళ్లకు ఆ వేళ రక్షణ ఉండదు.

ఎంత తీపి తిన్నామన్నదాని కంటె ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. భోజనంతో పాటు ఒక లడ్డు తింటే ఆమ్లం ఒక్కసారి పుడుతుంది. అదే లడ్డును రోజంతా కొద్దికొద్దిగా కొరికితే పళ్లు రోజంతా ఆమ్లంలో నానుతాయి. ఆరవ ఏట పాలపళ్ల వెనుక వచ్చే దవడపన్ను శాశ్వత దంతమని చాలామంది తల్లిదండ్రులు ఎరుగరు. ఎలాగూ ఊడేదే కదా అని దానిని నిర్లక్ష్యం చేస్తారు. జీవితాంతం నమలవలసిన ఆ పన్ను పదేళ్లకే పుచ్చిపోవడానికి ఈ పొరపాటే కారణం.

"పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయి అయితేనేం?" అని తెలుగు సామెత. రాయి ఏదైనా ఊడేది మన పన్నే. నిర్లక్ష్యం, అపోహ, భయం – ఈ మూడూ అటువంటి రాళ్లే. ఇంటిలో చదువుకొన్న ఒక్క విద్యార్థి ఈ విషయాలు తెలుసుకొని, పెద్దల మాటలోని మంచిని గౌరవిస్తూ పొరపాటును సౌమ్యంగా సవరించగలిగితే, లవంగంతో రాత్రి గడుస్తుంది, వైద్యంతో పన్ను నిలుస్తుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఇంటిల్లిపాది = ఇంటిలోని వారందరూ
దంతమజ్జ = పంటి లోపలి మెత్తని భాగం
విజృంభించు = ఎక్కువగా చెలరేగు
మూల్యం = వెల
ఉపచారం = సేవ, చికిత్స
కాపడం = వేడి గుడ్డ మొదలైనవాటితో ఒత్తడం
ధనుర్వాతం = గాయం ద్వారా సోకే ఒక ప్రమాదకరమైన వ్యాధి
అపోహ = తప్పుడు నమ్మకం
దంతధావనం = పళ్లు తోముకోవడం
పందుంపుల్ల = పళ్లు తోముకొనే పుల్ల

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. "నొప్పి తగ్గడం వేరు, వ్యాధి తగ్గడం వేరు" – పాఠం ఆధారంగా వివరించండి.
2. ఊడిన శాశ్వత దంతాన్ని కాపాడే విధానాన్ని తెలియజేయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. పంటి నొప్పి రాత్రివేళ ఎందుకు అధికమవుతుంది?
2. ఫ్లోరైడు వల్ల కలిగే మేలు, కీడులను తెలపండి.
3. పంటి చికిత్స గురించి మీ ప్రాంతంలో ఉన్న ఒక అపోహను పేర్కొని, దానిని ఎలా తొలగిస్తారో వ్రాయండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. శాశ్వత దంతాలు ఎన్ని?
2. లవంగ నూనెలో నరాన్ని మొద్దుబార్చే పదార్థం ఏది?
3. దేశంలో తొలి దంతవైద్య కళాశాలను ఎవరు స్థాపించారు?

ఈ) భాషాంశాలు
1. సంధులు: గృహోపచారం = గృహ + ఉపచారం – గుణసంధి. అత్యవసరం = అతి + అవసరం – యణాదేశసంధి. ప్రధానోద్దేశం, నిత్యాహారం అనే పదాలను విడదీసి సంధి పేర్లు వ్రాయండి.
2. సమాసాలు: దంతక్షయం – దంతము యొక్క క్షయం – షష్ఠీ తత్పురుష సమాసం. తల్లిదండ్రులు – తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం. రక్తప్రసరణ, మేలుకీడులు అనే పదాలకు విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు పేర్కొనండి.